బీరువాలోని బరువు

కర్నూలు పాతబస్తీలో తుంగభద్రా తీరానికి సమీపంగా ఉన్న అద్దె ఇంటిలో మేము ఇరవై ఆరేళ్లు నివసించాము. హంద్రీ నది తుంగభద్రలో కలిసే ఊరది. కొండారెడ్డి బురుజు నీడన బజారు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధిపై నిలిచిన గోల్ గుంబజ్, ఫజ్ర్ వేళ ఒక మస్జిదు తర్వాత మరొక మస్జిదు నుండి వినవచ్చే అజాన్, వీటి నడుమనే మా పిల్లలు పుట్టి పెరిగారు. 1953 నుండి మూడేళ్లపాటు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన ఆ పట్టణాన్ని వదలిపోవలసి వస్తుందని మేము ఏనాడూ అనుకోలేదు. హైదరాబాదులోని ఒక మదర్సాలో హదీసు, ఫిఖహ్ బోధించే బాధ్యత మాకు అప్పగించబడింది. పెద్దబ్బాయి ఉద్యోగం కూడా అక్కడే. షవ్వాల్ చివరి వారంలో, వానాకాలం అప్పుడే మొదలైన రోజుల్లో, ఇల్లు మారవలసి వచ్చింది.

ఇల్లు మారడమంటే మనుషులు మారడమే అనుకున్నాము. మనుషులు నాలుగు గంటల్లో చేరుకున్నారు. సామాను చేరడానికి నెల రోజులు పట్టింది. ఆ నెల రోజుల్లో మేము నేర్చుకున్న పాఠాన్ని పాఠకుల ముందు ఉంచడం మా బాధ్యతగా భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తేలిన ఫ్రిజ్, మునిగిన గ్రంథాలు

ముందుగా 2009 అక్టోబరు 2వ తేదీని గుర్తు చేయాలి. ఆనాడు తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తాయి. మేము పిల్లలను, రెండు దుప్పట్లను, ఒక బిందె మంచినీళ్లను తీసుకొని మేడపైకి ఎక్కాము. నీరు తీసిన తర్వాత క్రిందికి దిగి చూస్తే కనబడిన దృశ్యం నేటికీ మరువలేము. నలుగురు కలిసి జరిపితే గాని జరగని ఫ్రిజ్ మంచం మీద ఒరిగి పడుకొని ఉంది. దాని గోడల మధ్య తేలికైన నురగ పదార్థం ఉంటుంది, తలుపు గట్టిగా మూసుకొని ఉంటుంది. అందువల్ల అది పడవలా తేలి, నీరు దిగినప్పుడు మంచం మీద వాలింది. ఒక చేత్తో ఎత్తగలిగిన గ్రంథాలు మాత్రం నీటి అడుగున బురదలో ఉన్నాయి.

మా ఇల్లాలు నెల రోజులపాటు ఆ గ్రంథాలను మేడపై ఎండలో పరచి, అతుక్కుపోయిన పుటలను ఒక్కొక్కటిగా విడదీసింది. చాలావరకు దక్కాయి. నేటికీ వాటిని తెరిస్తే బురద వాసన లీలగా వస్తుంది. మా పెళ్లినాడు మామగారు ఇచ్చిన ఇనుప బీరువా కూడా ఆ వరదలో నిలిచింది. దాని అడుగుభాగంలో జానెడు ఎత్తున తుప్పు గీత ఉంది. ఆ గీతను చూపి మా ఇల్లాలు, “మా అబ్బా ఇచ్చింది కాబట్టి నిలిచింది” అని మురిసిపోయేది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, తర్వాత మేము చేసిన పొరపాటుకు దీనితో సంబంధం ఉంది.

ప్రయాణ సన్నాహాలు

సామాను తీసుకొనిపోవడానికి ఒక డీసీఎం వ్యాను మాట్లాడాము. పైన టార్పాలిన్ కప్పుతామన్నారు గాని అందులో మూడు చిరుగులు మాకు కనిపించాయి. వాన పడితే అట్టపెట్టెల్లోని గ్రంథాలు మళ్లీ తడుస్తాయన్న భయం పట్టుకుంది. అప్పుడు మాకొక ఆలోచన తోచింది. బీరువా ఇనుముది, తాళం ఉన్నది, వరదకే చెదరనిది. గ్రంథాలలో విలువైనవాటిని, అంటే హదీసు వ్యాఖ్యానాలను, ఫిఖహ్ సంపుటాలను దాని అరలలో సర్ది, పైన కొన్ని బట్టలు పరచి తాళం వేశాము.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. వాన భయం ఒక్కటే కారణమైతే మాకు ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు. హైదరాబాదులో సామాను దించి పైకి చేర్చే హమాలీలు పెద్ద వస్తువుకు ఇంత, పెట్టెకు ఇంత అని లెక్క చెప్పారు. గ్రంథాలను పెట్టెలకెత్తితే తొమ్మిది పెట్టెలయ్యేవి. బీరువాలో పెడితే లెక్కకు బీరువా ఒక్కటే. ఈ ఆదా మాకు తెలియక జరిగినది కాదు, తెలిసే జరిగింది. పైగా మా తెలివికి మేమే సంతోషించాము.

కర్నూలులో మా విద్యార్థులు ఎనిమిది మంది వచ్చి “బిస్మిల్లాహ్” అని బీరువాను ఎత్తి వ్యానులో పెట్టారు. ఎనిమిది మంది యువకుల చేతులలో దాని బరువు ఎంతో మాకు తెలిసిరాలేదు.

నలభై నాలుగవ జాతీయ రహదారి

రాత్రి ఇషా తర్వాత వ్యాను బయలుదేరింది. డ్రైవరు ప్రక్కన మేము, మా చిన్నబ్బాయి కూర్చున్నాము. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అలంపూర్ చౌరస్తా, ఎర్రవల్లి చౌరస్తా గడిచి, బీచుపల్లి వద్ద కృష్ణా నది వంతెన ఎక్కినప్పుడు వాన మొదలైంది. చీకటిలో నది కనబడలేదు గాని, వంతెన మీద చల్లగాలి ముఖానికి తగిలింది. రెండు నదులను ఒకే రాత్రి దాటి, ఒక జీవితాన్ని వెనుక వదలి పోతున్నామన్న తలంపుతో మనస్సు బరువెక్కింది. వెనుక బీరువాలో గ్రంథాలు తడవకుండా ఉన్నాయన్న ధీమా కూడా ఉంది.

కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. జడ్చర్ల వద్ద టీ కోసం ఆగినప్పుడు చూస్తే ఫ్రిజ్‌కు కట్టిన తాడు సడలింది. అది అటూ ఇటూ ఊగుతున్నదని డ్రైవరు దానిని పరుపుల మీద పడుకోబెట్టాడు. మేము కూడా అదే మంచిదనుకున్నాము. వాషింగ్ మెషీన్ లోపలి నుండి దబదబమని చప్పుడు వస్తున్నది. ఇన్వర్టర్ బ్యాటరీ ప్రక్కకు ఒరిగి, అందులోని ఆమ్లం కారి, క్రింద ఉన్న బొంతల మూటను తడిపింది. తెల్లవారాక చూస్తే బొంతలకు జల్లెడలా చిల్లులు పడి ఉన్నాయి.

యాకుత్‌పురా సందులు

షాద్‌నగర్, శంషాబాదు దాటి ఫజ్ర్ వేళకు నగరం చేరుకున్నాము. మా క్రొత్త ఇల్లు యాకుత్‌పురా ప్రాంతంలో ఉంది. చార్మినార్ నిర్మాణం 1591లో. దాని చుట్టూ పెరిగిన పాత నగరంలో చాలా సందులు పల్లకీలకు, గుర్రాలకు సరిపోయేవే గాని వ్యాన్లకు కావు. ఒక ప్రక్క గోడ మీది సున్నం రాలుతుంటే, మరొక ప్రక్క మేకలు కట్టేసి ఉంటే, నడుమ మనిషి మనిషికి సలాం చెప్పి ప్రక్కకు ఒదిగితే గాని దారి దొరకదు. మా వ్యాను సందు మొదట్లోనే ఆగిపోయింది. అక్కడి నుండి సామానును ట్రాలీ ఆటోలోనూ, తోపుడు బండి మీదనూ విడతలుగా ఇంటి ముందుకు చేర్చాము.

ఇల్లు మూడవ అంతస్తు. యాభై ఒక్క మెట్లు. అద్దెకు తీసుకొనేటప్పుడు నీళ్లు వస్తాయా, మస్జిదు ఎంత దూరం, వెలుతురు ఉందా అని అన్నీ విచారించాము. మెట్ల వెడల్పు ఎంత, మలుపు ఎలా ఉంది అని చూడలేదు. ఇల్లు చూడబోయేవారు గజంబద్ద వెంట తీసుకొని పోవాలని, తలుపుల కంటే మెట్ల మలుపును ముందుగా కొలవాలని మేము ఇప్పుడు అందరికీ చెబుతున్నాము.

హమాలీలు నలుగురు వచ్చారు. వారి మేస్త్రీకి మా వయస్సే ఉంటుంది, యాభై దాటినవాడు. పాలమూరు వైపు నుండి చిన్ననాడే నగరానికి వచ్చి స్థిరపడినవాడు. అతడు ప్రతి వస్తువును ఎత్తే ముందు ఒకసారి చేత్తో తట్టి చూసేవాడు. బీరువా దగ్గరకు వచ్చి తట్టి, మా వైపు తిరిగి అడిగాడు.

“సాబ్, లోపట ఏమన్న ఉన్నదా? ఖాళీనే గదా?”

“కొన్ని బట్టలున్నాయి” అన్నాము.

అది అబద్ధం కాదు. బట్టలున్నాయి. అది నిజం కూడా కాదు.

మెట్ల మలుపు

ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు పట్టుకొని ఎక్కసాగారు. వెనుక క్రిందివైపు మేస్త్రీ ఉన్నాడు, బరువంతా అటే పడుతుంది. మొదటి అంతస్తు దాటి రెండవదానికి పోయే మలుపులో బీరువాను ఏటవాలుగా త్రిప్పవలసి వచ్చింది. ఆ ఒరుగుకు లోపలి గ్రంథాలు ఒక్కసారిగా జారాయి. ముప్పై ఏళ్లనాటి తాళం ఊడి తలుపు తెరచుకుంది. సంపుటాలు ఒకదాని వెనుక ఒకటిగా మెట్ల మీద పడసాగాయి. బీరువా గోడవైపు ఒరిగింది. మేస్త్రీ ఎడమచేయి గోడకు, ఇనుప అంచుకు మధ్య నలిగింది.

ఆ క్షణంలో అతడు చేయి వదిలి ప్రక్కకు తప్పుకోవచ్చును. అతని వెనుక నాలుగు మెట్ల క్రింద మా చిన్నబ్బాయి పంఖా పట్టుకొని ఎక్కుతున్నాడు. అతడు వదలలేదు. “పిలగాన్ని పక్కకు జరుపుండ్రి” అని కేకవేసి, మిగిలినవారు తాళ్లు బిగించి బీరువాను నిలబెట్టేంతవరకు నలిగిన చేత్తోనే ఆపి ఉంచాడు. తర్వాత మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. రెండు వ్రేళ్ల నుండి రక్తం కారుతున్నది. అతని పాదాల దగ్గర పడి ఉన్న గ్రంథాలను చూశాడు. మా వైపు మాత్రం చూడలేదు.

ఆసుపత్రిలో ఒక వ్రేలి ఎముక చిట్లిందనీ, రెండవదానికి కుట్లు వేయాలనీ చెప్పారు. మూడు వారాలు బరువు ఎత్తరాదన్నారు. వరండాలో బల్ల మీద అతని ప్రక్కన కూర్చొని, మేము దాచిన సంగతి చెప్పాము. బీరువాలో బట్టలతో పాటు గ్రంథాలు కూడా పెట్టామనీ, లెక్క తగ్గుతుందని కూడా అలా చేశామనీ, అడిగినప్పుడు చెప్పలేదనీ ఒప్పుకున్నాము. అతడు కొంతసేపు మాట్లాడలేదు.

“నాకు ఎత్తంగనే ఎర్కైంది సాబ్. పెద్దమనిషి, చదువుకున్నోరు, బట్టలే అన్నరు గదా అని ఊకున్న” అన్నాడు.

పాతికేళ్లకు పైగా బోధనలో ఎందరో పండితుల మందలింపులు విన్నాము. ఇంతగా తల వంచుకొనేలా చేసిన మాట మరొకటి లేదు.

మేము బోధించిన పాఠం

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా అడుగున తడి తగిలిన సంఘటన మన పిల్లలందరికీ తెలుసు. వాన తడిపిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసినదానిని అందరికీ కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించినవానితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు. ఈ హదీసును మేము ప్రతి సంవత్సరం బోధిస్తాము. వర్తకులకే గాని మనకు కాదన్నట్లు బోధిస్తూ వచ్చామని ఇప్పుడు అనిపిస్తున్నది. మా బీరువాలో పైన ఆరిన ధాన్యంలా బట్టలున్నాయి, అడుగున తడి ధాన్యంలా గ్రంథాలున్నాయి.

ఫిఖహ్‌లో బాడుగ ప్రకరణం ఉన్నది. ఇంత బరువు మోయడానికని జంతువును బాడుగకు తీసుకొని, ఒప్పుకున్నదానికంటే ఎక్కువ బరువు వేసి, దానివల్ల ఆ జంతువు చనిపోతే, వేసిన అదనపు బరువు మేరకు పరిహారం చెల్లించాలని ‘హిదాయా’లో చర్చించబడింది. మూగజీవి విషయంలోనే ఇంత లెక్క ఉంటే మనిషి విషయం చెప్పాలా? మెట్ల మీద చెల్లాచెదురుగా పడిన సంపుటాలలో ఆ ‘హిదాయా’ కూడా ఉన్నది. అందులో ఉన్న తీర్పు మా అరలో ఉన్నది గాని, ఆ ఉదయం మా నాలుక మీద లేదు.

మేస్త్రీకి ఆ రోజు కూలి అక్కడే ఇచ్చాము. చెమట ఆరకముందే వేతనం ఇవ్వాలన్న ఆదేశం ఉన్నది గదా. చికిత్స ఖర్చు, మూడు వారాల పని నష్టం మేము భరిస్తామన్నాము. “దెబ్బలు మాకు మామూలే సాబ్, ఇంత ఎందుకు?” అని అతడు మొహమాటపడ్డాడు. ఇది దానధర్మం కాదు, మీకు మేము బాకీపడిన సొమ్ము అని చెప్పిన తర్వాతనే తీసుకున్నాడు. తొమ్మిది పెట్టెలకు ఆదా చేద్దామనుకున్నదానికి ఎన్నో రెట్లు ఖర్చయిందని బంధువులలో ఒకరు జాలిపడ్డారు. డబ్బు నష్టమే నష్టమైతే మేము అదృష్టవంతులమే.

యాభై ఒక్క మెట్లు

ఆ సాయంత్రం మెట్ల మీది గ్రంథాలను ఏరి, క్రింది కిరాణా దుకాణం త్రాసులో తూచాము. అరవై ఎనిమిది సంపుటాలు, తొంభై రెండు కిలోలు. బీరువా స్వంత బరువు కంటే అది తక్కువేమీ కాదు.

మిగిలిన హమాలీలను మళ్లీ పిలవడానికి మనస్సు ఒప్పలేదు. కందకం త్రవ్వే సమయంలో దైవప్రవక్త (స) సహచరులతో పాటు స్వయంగా మట్టి మోశారు. మన క్రింద పనిచేసేవారు మన సోదరులనీ, వారి శక్తికి మించిన పని చెప్పరాదనీ, చెప్పవలసి వస్తే మనమూ చేయి వేయాలనీ ఆయన (స) బోధించారు. మగ్రిబ్ తర్వాత మేము, మా ఇల్లాలు, ఇద్దరు అబ్బాయిలు కలిసి గ్రంథాలను నాలుగేసి చొప్పున మోయసాగాము. మూడవసారి ఎక్కేసరికి మోకాళ్లు వణికాయి. ఒక్కొక్క మెట్టు మీద మేస్త్రీ గుర్తుకు వచ్చాడు. ఏమీ అడగకుండానే ప్రక్క ఇళ్ల పిల్లలు ఆరుగురు వచ్చి తలా ఒక దొంతర ఎత్తుకున్నారు. ఇషా అజాన్‌కు ముందే అన్నీ పైకి చేరాయి.

క్రింది భాగంలో ఒక వృద్ధురాలు ఉంటారు. వీధి వారందరూ ఆమెను ఖాలా అంటారు. మలుపులో ఇరుక్కున్న బీరువాను క్రిందికి దించి, ఆమె వరండాలో ఉంచుకోనిమ్మని అడిగాము. “మీ సామాను మా సామాను కాదా బాబూ” అన్నారు. ఆ రాత్రి బగారా అన్నం, దాల్చా ఆమె ఇంటి నుండే వచ్చాయి. పులుసులో కొంచెం నీరు ఎక్కువ పోసైనా పొరుగువారిని గుర్తుంచుకోమన్న ప్రవక్త (స) బోధను మేము పాఠంగా చెప్పాము, ఆమె గిన్నెలో పెట్టి పంపారు.

ఫ్రిజ్‌ను వెంటనే ఆన్ చేయబోతుండగా ఆమె మనుమడు వారించాడు. అతడు ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పని చేస్తాడు. పడుకోబెట్టి తెచ్చినప్పుడు కంప్రెసరులోని నూనె గొట్టాలలోకి జారుతుందనీ, వెంటనే ఆన్ చేస్తే కంప్రెసరు దెబ్బతింటుందనీ, నిలబెట్టి ఒక రోజు వదిలేస్తే నూనె తిరిగి దిగుతుందనీ చెప్పాడు. అలాగే చేశాము. వరదలో తేలిన ఆ ఫ్రిజ్ ఈసారి కూడా దక్కింది. వాషింగ్ మెషీన్ మాత్రం మొదటి రోజే స్నానాలగదిలో తాడు తెంచుకున్న మేకలా గంతులు వేసింది. ముందు తలుపు ఉండే ఆ యంత్రాలతో పాటు డ్రమ్మును కదలకుండా బిగించే పొడవైన మరలు వస్తాయి. ఇల్లు మారేటప్పుడు వాటిని మళ్లీ బిగించాలట. మేము వాటిని ఎన్నడో పాత ఇనుముకు అమ్మేశాము. బ్యాటరీని నిటారుగా, విడిగా, ఏ వస్త్రమూ ప్రక్కన లేకుండా తీసుకురావాలన్నది చిల్లులు పడిన బొంతలు చెప్పిన పాఠం.

తెరచిన తలుపులు

నాలుగు వారాల తర్వాత ఒక ఆదివారం మేస్త్రీ తన మనుషులతో వచ్చాడు. వ్రేళ్లు పూర్తిగా వంగడం లేదు గాని పట్టు వచ్చిందన్నాడు. తాను మోయననీ, ప్రక్కన నిలబడి చెప్పడానికే వచ్చాననీ అన్నాడు. అతని సలహాపై బీరువా తలుపులను కీళ్ల నుండి ఊడదీసి విడిగా పైకి పంపాలని నిర్ణయించాము.

ఖాలా వరండాలో అతడు బీరువా దగ్గర నిలబడి, అలవాటుగా చేత్తో తట్టి, మా వైపు చూసి కొంచెం నవ్వాడు.

“లోపట ఏమన్న ఉన్నదా సాబ్?”

మేము నోటితో జవాబివ్వలేదు. ముందుకు వెళ్లి రెండు తలుపులూ బార్లా తెరిచాము. క్రింది సొరుగు కూడా లాగి చూపాము. ఖాళీ అరలు, అడుగున వరదనాటి తుప్పు గీత, అంతే.

అతడు తల ఊపి, మనుషులను పిలిచాడు. బీరువా పావుగంటలో మూడవ అంతస్తు చేరింది. మలుపు వద్ద ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఇల్లాలు దానిని తుడిచి, తన తండ్రికి దుఆ చేసి, ఆ తర్వాత మేస్త్రీకి, అతని మనుషులకు టీ ఇచ్చింది. గ్రంథాలు ఇప్పుడు గోడకు కొట్టిన చెక్క అరలలో, వచ్చినవారికి కనబడేలా ఉన్నాయి.

ఇతరుల భుజాలపై మనం మోపే బరువును దాచకుండా చెప్పగల ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.